గుట్టల్లో పరుగు.. ఆ బాట ఎవరిది? శంషాబాద్ చుట్టూ ట్రైల్ రన్నింగ్ చేసేవాళ్లు తెలుసుకోవాల్సినవి

ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటలు. ఓఆర్‌ఆర్ సర్వీస్ రోడ్డు పక్కన కారు ఆపి, ఫోన్‌లో మ్యాప్ తెరిచి, చెరువు కట్ట మీదుగా గుట్ట వైపు పరుగు మొదలుపెడతారు. పోయిన నెల ఇదే దారిలో ఎనిమిది కిలోమీటర్లు వెళ్లొచ్చారు. ఈసారి మూడో కిలోమీటరు దగ్గర కొత్త ప్రహరీ, దానికో ఇనుప గేటు, పక్కన ‘ఇది ప్రైవేటు స్థలం’ అన్న బోర్డు. ఫోన్‌లో మాత్రం ఆ గీత గోడ లోపలి నుంచి అలాగే సాగిపోతోంది.

శంషాబాద్, విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లలో పరుగెత్తేవాళ్లకు, సైకిల్ తొక్కేవాళ్లకు ఇది తెలియని అనుభవం కాదు. అయితే అసలు ప్రశ్న గేటు పెట్టింది ఎవరని కాదు. ఆ బాట మొదటి నుంచీ ఎవరిది? అందులో నడిచే హక్కు ఎవరికి ఉంది? మూసేస్తే ఎవరిని అడగాలి?

ట్రైల్ రన్నింగ్ అంటే ఏంటి?

తారు రోడ్డు మీద కాకుండా మట్టి బాటలు, గుట్టలు, అడవి దారుల్లో పరుగెత్తడమే ట్రైల్ రన్నింగ్. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య దీన్ని 2015లో తన క్రీడల జాబితాలో చేర్చుకుంది. ఈ పోటీల్లో తారు, సిమెంటు దారి మొత్తం దూరంలో నాలుగో వంతు కంటే తక్కువే ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం.

హైదరాబాద్ దక్షిణ అంచు దీనికి అనువైన నేల. సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు, వాటి మధ్య చెరువులు, చేన్లు, తుప్పలు. పెద్ద కొండలేమీ లేవు కానీ, ఎక్కి దిగడానికి గుట్టలకు కొదవ లేదు. ఉత్తరాన హిమాయత్‌సాగర్, కొత్వాల్‌గూడ. పడమర అమ్మపల్లి రామాలయం ఉన్న నర్కూడ. దక్షిణాన ముచ్చింతల్, పెద్దషాపూర్. తూర్పున మామిడిపల్లి, పహాడీషరీఫ్. వీటన్నింటి మధ్య 2008 మార్చిలో మొదలైన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం దాదాపు 5,500 ఎకరాల్లో ఉంది.

ఒకే పరుగు, నాలుగు రకాల నేల

పరుగెత్తేవాళ్లకు ఇదంతా ‘ఓపెన్ ప్లేస్’లా కనిపిస్తుంది. రెవెన్యూ రికార్డుల్లో అలా ఉండదు. పది కిలోమీటర్ల పరుగులో మీరు కనీసం నాలుగు రకాల భూముల మీదుగా వెళ్తుంటారు. ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒక్కో శాఖ.

1. రిజర్వ్ ఫారెస్ట్: తుప్పలు, బండలు ఉన్న గుట్టల్లో చాలావరకు అటవీ శాఖవి. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా వెళ్లడం, నిప్పు రాజేయడం నేరాలు. ‘చెట్లు నరకలేదు, పరుగెత్తాం అంతే’ అన్నది సమాధానం కాదు. చిలుకూరు దగ్గరి మృగవని లాంటి జాతీయ పార్కులైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తాయి. అక్కడ నియమాలు ఇంకా కఠినం. అనుమతి ఉన్న దారి, అనుమతి ఉన్న వేళ మాత్రమే.

2. చెరువు కట్టలు, శిఖం భూములు: చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడి వరకు వస్తాయో అదే ఎఫ్‌టీఎల్. దాని చుట్టూ బఫర్ ఉంటుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువులకు 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు. ఈ బఫర్‌లో ఇళ్లు కట్టకూడదు. కానీ పచ్చదనం, వినోద అవసరాలకు వాడుకోవచ్చని, వీలున్నచోట చెరువు చుట్టూ విహార మార్గం వేయవచ్చని అదే జీవో చెబుతోంది. అంటే పరుగు దారికి చట్టంలో ఇప్పటికే చోటున్నది ఇక్కడే. హిమాయత్‌సాగర్ లాంటి తాగునీటి జలాశయాలు మాత్రం జలమండలి చేతిలో ఉంటాయి. గేట్లు, భద్రత విషయంలో వాళ్ల మాటే చెల్లుతుంది.

3. బండ్లబాటలు, డొంకలు: ఊరి నుంచి చేన్లకు, చేన్ల నుంచి పక్క ఊరికి పోయే పాత దారులివి. నిజాం కాలంలో సర్వే చేసి గీసిన గ్రామ నక్షాల్లో ఇలాంటి బాటలెన్నో గీతలుగా కనిపిస్తాయి. నక్షాలో ఉన్న బాట ఏ ఒక్కరి సొత్తూ కాదు. పక్క పొలం ఎన్ని చేతులు మారినా బాట బాటగానే ఉండాలి.

4. పట్టా భూములు, వెంచర్లు: రైతు తన చేను మధ్య నుంచి పోనిస్తున్నాడంటే అది ఆయన మంచితనం. మీ హక్కు కాదు. వెంచర్ల సంగతి వేరు. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను, పార్కు స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. అప్పగించాక అవి ప్రజలవే.

వీటికి తోడు అసలు వెళ్లకూడని ఐదో రకం ఒకటుంది. విమానాశ్రయ ప్రహరీ వెంబడి ఉండే భద్రతా ప్రాంతం, పహాడీషరీఫ్ వైపు ఉన్న రక్షణ పరిశోధన కేంద్రం ఆర్‌సీఐ పరిసరాలు ఈ కోవలోవి. బోర్డు కనిపించకపోయినా అక్కడ ప్రయోగాలు వద్దు.

మ్యాప్‌లో గీత ఉంటే దారి ఉన్నట్టేనా?

కాదు. యాప్‌లో కనిపించే గీతకు అర్థం ‘ఇక్కడ ఎవరో ఒకరు పరుగెత్తారు’ అని మాత్రమే. ‘ఇక్కడ పరుగెత్తవచ్చు’ అని కాదు. 2018 జనవరిలో స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్ మీద దుమారం రేగింది గుర్తుందా? సైనికులు వ్యాయామం చేస్తూ నమోదు చేసుకున్న పరుగుల వల్ల పలు దేశాల్లోని సైనిక స్థావరాల రూపురేఖలు ప్రపంచం మొత్తానికి కనిపించాయి. యాప్‌కు పట్టా భూమి తెలియదు, రిజర్వ్ ఫారెస్ట్ తెలియదు, రక్షణ స్థలం తెలియదు. కాళ్లు ఎక్కడ తిరిగాయో అంతే తెలుసు.

పట్టాదారు పాస్‌పుస్తకం కూడా ఇందుకు పనికిరాదు. సర్వే నంబర్, విస్తీర్ణం, యజమాని పేరు అందులో ఉంటాయి. బాట ఎటు నుంచి ఎటు పోతుందో ఉండదు. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి గురించైనా, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో మొదలైన భూభారతి గురించైనా చర్చంతా ‘ఈ భూమి ఎవరిది’ అన్న దాని చుట్టూనే తిరిగింది. ‘ఈ బాట అందరిది’ అని నమోదు చేసే మాట పెద్దగా వినిపించలేదు. బాటకు ఇప్పటికీ గట్టి సాక్ష్యం పాత నక్షానే.

బాటలు ఎందుకు మాయమవుతున్నాయి?

శంషాబాద్ చుట్టూ ఇన్నాళ్లు ఇంత ఖాళీ నేల మిగలడానికి ఒక కారణం జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996 మార్చి 8న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని తెచ్చింది. శంషాబాద్ మండలంలోని ఊళ్లు సహా 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 90 శాతం నేల సేద్యానికి, తోటలకు, పచ్చదనానికి ఉండాలని చెప్పింది.

ఆ ఆంక్షలకు పెద్ద పరీక్ష ఎదురైంది కూడా ఈ మండలంలోనే. పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారం పెట్టాలన్న ప్రతిపాదన సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ముందు జాగ్రత్త సూత్రాన్ని ప్రస్తావిస్తూ 2000 డిసెంబరులో కోర్టు ఆ కర్మాగారానికి మినహాయింపు కుదరదని చెప్పింది. పర్యావరణ న్యాయం చదివే విద్యార్థులకు ఇప్పటికీ అదొక ముఖ్యమైన పాఠం.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. 2023 మేలో జీవో 111ను పూర్తిగా ఎత్తేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. తమ భూమికి విలువ రాకుండా చేశారని పాతికేళ్లుగా అడుగుతున్న రైతుల వాదనలో న్యాయం ఉంది. పక్క ఊరిలో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ చేను ఎందుకు పలకకూడదన్నది వాళ్ల ప్రశ్న. అయితే చేను ప్లాట్లుగా మారేటప్పుడు దాని గట్టున ఉన్న బాట ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పడం లేదు. లేఅవుట్‌లో కొత్త రోడ్లు వస్తాయి. కానీ అవి వెంచర్ గేటు దగ్గరే ఆగిపోతాయి. పాత బాట అలా ఆగేది కాదు. ఒక ఊరిని ఇంకో ఊరికి కలిపేది.

పాలన మారడం మరో కారణం. ఒకప్పుడు పంచాయతీగా ఉన్న శంషాబాద్ మున్సిపాలిటీ అయింది. 2025 డిసెంబరులో ఓఆర్‌ఆర్ పరిధిలోని 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు అందులో శంషాబాద్ కూడా ఉంది. సర్పంచ్ ఇంటికి వెళ్లి ‘మా చేనుకు పోయే బాట మూసిండ్రు’ అని చెప్పుకునే రోజులు ఈ ఊళ్లలో పోయాయి. ఏ బాట ఎక్కడుందో నోటిలెక్కన తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ లెక్క కాగితం మీదకు ఎక్కకపోతే వాళ్లతోనే పోతుంది.

ముందు నష్టపోయేది రన్నర్లు కాదు

గోడ కడితే నగరం నుంచి వచ్చే రన్నర్‌కు ఒక ఆదివారం పోతుంది. అంతకంటే పెద్ద దెబ్బ మరొకరికి తగులుతుంది. బాట మూతపడితే ట్రాక్టరు చేను దాకా పోదు. గొర్రెల మంద చెరువు దగ్గరికి చేరాలంటే జాతీయ రహదారి దాటాలి. స్కూలుకు నడిచే పిల్లలు చుట్టు తిరిగి రావాలి. ఊరి చివరి గుట్ట మీది గుడికి, దర్గాకు దారి ఉండదు.

అందుకే ట్రైల్ రన్నింగ్ దారుల సమస్యను సరదా సమస్యగా చూడటం పొరపాటు. రన్నర్లు పరుగెత్తే బాట, రైతు బండి తోలే బాట చాలాచోట్ల ఒకటే. ఒకరి చేతిలో జీపీఎస్ రికార్డు ఉంది, ఇంకొకరి దగ్గర తాతల నాటి వాడుక ఉంది. రెండూ కలిస్తే ఒక మంచి సాక్ష్యం తయారవుతుంది.

దామగుండం, కంచ గచ్చిబౌలి ఏం చెబుతున్నాయి?

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవి హైదరాబాద్ ట్రెక్కర్లకు బాగా తెలిసిన చోటు. నౌకాదళ వీఎల్‌ఎఫ్ కమ్యూనికేషన్ కేంద్రం కోసం అక్కడ సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిని కేటాయించారు. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి మధ్యలోని రామలింగేశ్వర ఆలయానికి భక్తుల రాకపోకలపై ప్రభుత్వం హామీ ఇచ్చింది. భక్తుల దారి అలా చర్చకైనా వచ్చింది. నడిచేవాళ్ల, పశువులు మేపేవాళ్ల దారుల గురించి మాట్లాడటం అంత తేలిక కాలేదు. కారణం, అవి ఏ కాగితంలోనూ ‘దారులు’గా లేకపోవడమే.

2025 మార్చి నెలాఖరులో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్ల నరికివేత మొదలైనప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేయించింది. రెవెన్యూ భాషలో ‘కంచ’ అంటే పశువుల మేతకు వదిలిన బీడు. చూడటానికి అడవి, రికార్డులో మాత్రం అడవి కాదు. శంషాబాద్ చుట్టూ ఉన్న గుట్టలు, బీళ్లలోనూ ఇలాంటి నేల ఉంటుంది. చూపుకు కనిపించే దానికీ, రికార్డులో ఉన్న దానికీ తేడా ఉన్న ప్రతిచోటా రేపు ఇలాంటి వివాదం రావచ్చు.

వేరే దేశాల్లో ఎలా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1949లో ఒక చట్టం చేశారు. ప్రజలు నడిచే హక్కున్న ప్రతి దారిని స్థానిక కౌన్సిళ్లు సర్వే చేసి అధికారిక మ్యాప్‌లో ఎక్కించాలన్నది దాని సారాంశం. అలా నమోదైన దారుల పొడవు 2 లక్షల కిలోమీటర్లకు పైనే. పొలం అమ్మినా, కొన్నా దారి అలాగే ఉంటుంది. గేటు పెట్టినా మనిషి దాటే వీలు ఉంచాలి. స్కాట్లండ్ 2003లో మరో అడుగు వేసింది. బాధ్యతగా మెలిగితే చాలావరకు నేలపై నడిచే హక్కు అందరికీ ఉందని చట్టం చేసింది.

ఆ పద్ధతులను ఇక్కడ ఉన్నదున్నట్టు దింపలేం. రెండెకరాల రైతు చేను, వేల ఎకరాల జమీందారీ ఎస్టేటు ఒకటి కాదు. కానీ మొదటి మెట్టు మాత్రం మనకూ పనికొస్తుంది. ఉన్న బాటల జాబితా రాసిపెట్టుకోవడం. మనకు నక్షాలు ఉన్నాయి కాబట్టి పని సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం లేదు.

యజమాని అనుమతితో నడిచే పద్ధతి మన దగ్గరే ఉంది. కర్ణాటకలోని చిక్కమగళూరు ప్రాంతంలో జరిగే మల్నాడ్ అల్ట్రా పరుగు కాఫీ తోటల మీదుగా సాగుతుంది. తోటల వాళ్లు ఒప్పుకుంటేనే అలాంటి పోటీ సాధ్యం.

చిరుత వస్తే?

ఇది ఊహ కాదు. 2020 మేలో కాటేదాన్ దగ్గర జాతీయ రహదారి మీద పట్టపగలు చిరుత కనిపించింది. ఆ తర్వాత నెలల పాటు రాజేంద్రనగర్, హిమాయత్‌సాగర్ పరిసరాల్లో తిరిగే చిరుత అలజడి రేపింది. అక్టోబరులో రాజేంద్రనగర్ దగ్గర అటవీ శాఖ బోనులో ఒక చిరుత చిక్కింది. 2024 ఏప్రిల్ 28న శంషాబాద్ విమానాశ్రయ ప్రహరీ దగ్గర, గొల్లపల్లి వైపు మరో చిరుత జాడ కనిపించింది. కెమెరాలు, బోన్లు, ఎరగా మేకలు పెట్టి ఐదు రోజులు కాపు కాస్తే అది చిక్కింది. దాన్ని నల్లమలకు తరలించారు.

చిరుత మామూలుగా మనిషిని తప్పించుకునే తిరుగుతుంది. ఎదురైతే పరుగెత్తకండి, వంగకండి, కూర్చోకండి. దాని వైపే చూస్తూ, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి రండి. మసక వెలుతురులో ఒంటరిగా వెళ్లొద్దు. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గుట్టల్లో పరుగెత్తడం అన్నింటికంటే పెద్ద తప్పు.

నిజానికి చిరుత కంటే ఎక్కువ ప్రమాదం పాములది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగూ తెలంగాణలో ఉన్నాయి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. కాలు కదపకుండా 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి చేరాలి. విరుగుడు మందు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు ఎనిమిది దాటకముందే పరుగు ముగించాలి. బండలు వేడెక్కితే గుట్ట మీద నీడ దొరకదు.

వీడియోల కోసం డ్రోన్ ఎగరేయాలనుకుంటే ముందు ఒకటి గుర్తుంచుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం చుట్టూ గాలిలో ఆంక్షల పరిధి ఉంటుంది. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా శంషాబాద్ పరిసరాల్లో డ్రోన్ బయటకు తీయొద్దు.

అయితే ఎక్కడ పరుగెత్తొచ్చు?

అనుమానం లేని చోట్లు కొన్ని ఉన్నాయి. అటవీ శాఖ ప్రజల కోసం తెరిచిన అర్బన్ ఫారెస్ట్ పార్కుల్లో రిజర్వ్ ఫారెస్ట్‌లోని కొంత భాగాన్ని నడక దారులతో సిద్ధం చేసి, మిగతాది కంచె వేసి కాపాడుతున్నారు. మంచిరేవులలోని ఫారెస్ట్ ట్రెక్ పార్క్ అలాంటిదే. టికెట్, వేళలు ఉంటాయి కానీ, ఎవరూ వెళ్లగొట్టరు. ఊరి మధ్య నుంచి పోయే మట్టి రోడ్లు, వాడుకలో ఉన్న బండ్లబాటలు కూడా ఫర్వాలేదు.

ఓఆర్‌ఆర్ ప్రధాన రహదారి మీదకు మాత్రం నడిచేవాళ్లకు ప్రవేశం లేదు. నానక్‌రామ్‌గూడ, పోలీస్ అకాడమీ, నార్సింగి, కొల్లూరు మధ్య 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు దారి సైకిళ్ల కోసం కట్టింది.

ఊళ్ల మీదుగా వెళ్లేటప్పుడు మర్యాద కూడా ముఖ్యమే. పంట చేనులో అడుగు పెట్టకండి. తీసిన గేటు మళ్లీ వేయండి. జెల్ ప్యాకెట్లు, సీసాలు వెంట తెచ్చుకోండి. ఎదురైన వాళ్లను ‘పెద్దాయనా, ఇట్ల పోవచ్చా?’ అని అడగండి. ఆ ఒక్క మాట చాలా తగాదాలను ఆపుతుంది. యాభై మందితో ఈవెంట్ పెట్టాలంటే అది మాట సాయంతో అయ్యే పని కాదు. పోలీసులు, స్థానిక సంస్థ, అవసరాన్ని బట్టి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

బాట మూసేస్తే ఎవరిని అడగాలి?

ముందు సర్వే నంబర్ తెలుసుకోండి. తర్వాత ఆ గ్రామ నక్షా నకలు కోసం సర్వే, భూ రికార్డుల శాఖకు దరఖాస్తు చేయండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు రావాలి. నక్షాలో బాట ఉంటే తహశీల్దారుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, మండల సర్వేయర్‌తో కొలిపించమని అడగండి. కదలిక లేకపోతే రంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణికి వెళ్లండి.

చెరువు శిఖంలో, బఫర్‌లో గోడ కడితే హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూసుకుని, ఓఆర్‌ఆర్ లోపలైతే 2024 జులైలో ఏర్పాటైన హైడ్రాకు ఫిర్యాదు చేయొచ్చు. లేఅవుట్ రోడ్డుకు గేటు పెడితే జీహెచ్‌ఎంసీని అడగాలి. నక్షాలో బాట లేకుండా ఏళ్ల తరబడి వాడుక మాత్రమే ఉంటే విషయం సివిల్ కోర్టుకు చేరుతుంది. అక్కడ ఊరివాళ్ల సాక్ష్యానికే బలం ఎక్కువ.

ఇప్పుడే ఎందుకు?

హెచ్‌ఎండీఏ పరిధిని 2025 మార్చిలో రీజినల్ రింగ్ రోడ్డు దాకా, పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించారు. దీనికి 2050 లక్ష్యంగా కొత్త మాస్టర్ ప్లాన్ తయారీ నడుస్తోంది. ఏ మాస్టర్ ప్లాన్ ముసాయిదా అయినా ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకున్నాకే ఖరారవుతుంది. రోడ్లు, జోన్ల రంగులే కాకుండా నక్షాల్లోని బండ్లబాటలు, చెరువు కట్టలు, వాటిని కలిపే దారులు కూడా ఆ మ్యాప్‌లో ఉండాలని అడగడానికి అదే సరైన సమయం. కొత్తగా భూమి సేకరించాల్సిన పని లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. ఉన్నదాన్ని గీసి చూపించాలి, అంతే.

ముసాయిదా బయటకు వచ్చిన రోజు అభ్యంతరం రాసేవాళ్లలో రన్నర్, రైతు ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద ఉంటే, ఆ కాగితాన్ని పక్కన పెట్టడం అధికారులకు అంత తేలిక కాదు. మ్యాప్ ఒకసారి ఖరారయ్యాక మాత్రం గోడ కట్టినవాడి దగ్గర అనుమతి పత్రం ఉంటుంది. మన దగ్గర ఫోన్‌లో ఒక గీత మిగులుతుంది.